నల్లతెర మీద మెయిల్: మాస్టారి జవాబులు

పోయిన సంచికలో మట్ అనే మెయిల్ ప్రోగ్రాం పేరెత్తాను. మౌసూ బటన్లూ అక్కర్లేకుండా టెర్మినల్‌లో కూర్చుని, కీబోర్డుతోనే మెయిళ్లు చదివి జవాబులు రాసుకునే ఓపెన్ సోర్స్ సరుకు అది. దాని మీద వచ్చిన ఉత్తరాలు రెండు రకాలు. "ఈ రోజుల్లో ఇదెందుకండీ?" అన్నవి కొన్ని, "పెట్టుకున్నాం, పనిచేయట్లేదు" అన్నవి కొన్ని. రెండో రకానికే ఎక్కువ చోటిస్తున్నాను. కమాండ్లు ఇక్కడ తెలుగు లిపిలో అచ్చయినా, మీరు కొట్టాల్సింది ఇంగ్లిషు చిన్నబడి అక్షరాల్లో అని గుర్తుంచుకోండి.

*మాస్టారూ, నేను బీటెక్ మూడో సంవత్సరం. 2 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ మీద లైనక్స్ వేసుకున్నాను. బ్రౌజర్‌లో మెయిల్ తెరిస్తే మెషీన్ మొరాయిస్తోంది. మట్, నియోమట్, ఆల్పైన్, ఆర్క్ అని నాలుగు పేర్లు విన్నాను. ఏది పెట్టుకోను? ఏదైనా సోర్స్ నుంచి కంపైల్ చేసుకుంటేనే మంచిదని మా సీనియర్ అంటున్నాడు, నిజమేనా?*
— ఓ విద్యార్థి, తెనాలి

మీ సీనియర్ మాట కాసేపు పక్కన పెట్టు నాన్నా. సోర్స్ అంటే ప్రోగ్రాం రాసిన అసలు కోడ్, దాన్ని నడిచే ప్రోగ్రాంగా మనమే కట్టుకోవడం కంపైల్. నీ లైనక్స్ రకం డెబియన్ గానీ ఉబుంటు గానీ అయితే సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ మట్ అని కొట్టు. అంతే, అయిపోయింది. వాళ్లు కట్టిన ప్యాకేజీలో నూటికి తొంభైమందికి కావలసినవన్నీ ఉంటాయి. పైగా రేపు ఏదైనా భద్రతా లోపం బయటపడితే అప్‌డేట్ దానంతటదే వస్తుంది. సొంతంగా కట్టుకున్నదానికి ఆ కాపలా నువ్వే కాయాలి. ప్యాకేజీలో నీకు కావలసింది ఏదో లేదని తేలినప్పుడే సోర్స్ జోలికి వెళ్లాలి. అది ఎలా తేలుతుందో కింద కరీంనగర్ జవాబులో రాశాను, చదువు.

ఇక ఏది అన్న సంగతి. మట్‌ను 1995లో మైఖేల్ ఎల్కిన్స్ మొదలుపెట్టాడు. అంతకు ముందు ఎల్మ్, పైన్ అని రెండు ఉండేవి. రెండింటి లక్షణాలూ కలిసిన సంకరజాతి కాబట్టే ఆ కుక్కపేరు. మెయిల్ ప్రోగ్రాములన్నీ చెత్తే, ఇది కాస్త తక్కువ చెత్త అని వాళ్ల సైట్లో వాళ్లే రాసుకున్నారు. ఆ నిజాయితీకే నేను పడిపోయాను. మట్ మీద జనం ఎవరికి వారు రాసుకున్న అతుకుల్ని ఒకచోట చేర్చి, ఆ తర్వాత తనదారిన తాను పెరిగింది నియోమట్. డెబియన్ 9లో మట్ అన్న పేరుతో వచ్చింది నిజానికి నియోమట్టే. తర్వాతి విడుదల నుంచి రెండూ వేరు వేరు ప్యాకేజీలయ్యాయి. అందుకే పాత వ్యాసాల్లోని సెట్టింగులు ఒకదానికి అతికి ఇంకోదానికి అతకవు. ఆర్క్ కొత్తతరం. గో భాషలో రాశారు, ట్యాబులుంటాయి, చేతికి తేలిగ్గా వస్తుంది.

ఆల్పైన్‌ది వేరే వంశం. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పుట్టిన పైన్‌కు వారసత్వంగా 2007లో వచ్చింది. పైన్ లైసెన్సు పూర్తి స్వేచ్ఛ ఇచ్చేది కాదు, ఆల్పైన్‌ది అపాచీ లైసెన్సు. ఏ కీ నొక్కితే ఏమవుతుందో తెర అడుగున ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది. మా తరంలో కొందరికి దీన్ని చూడగానే మనసు కరుగుతుంది. అప్పటి ప్రభుత్వ సంస్థ వీఎస్ఎన్ఎల్ 1995 ఆగస్టు 15న జనానికి ఇంటర్నెట్ ఇచ్చిన కొత్తలో, అక్షరాలు మాత్రమే కనిపించే చవకైన షెల్ ఖాతా తీసుకున్నవాళ్లు మోడెం కీచుకీచుమన్నాక మెయిల్ చూసుకున్నది ఈ పైన్‌లోనే.

నువ్వు మొదటిసారి కాబట్టి రెండు రోజులు ఆల్పైన్‌తో ఆడుకో. సెట్టింగుల ఫైలు చేత్తో రాసుకోవడం సరదా అనిపిస్తే మట్‌కి రా. ర్యామ్ సంగతి బెంగపడకు, నాలుగింట్లో ఏదైనా నీ ల్యాప్‌టాప్‌కి దూదిపింజే.

*సార్, నేను మట్ సోర్స్ తెచ్చి కన్ఫిగర్, మేక్, మేక్ ఇన్‌స్టాల్ మూడూ చేసిన. ఒక్క ఎర్రర్ గూడ రాలే. కానీ మట్ తెరిస్తే సెట్టింగుల ఫైల్ల ఐదో లైన్ కాడ "ఐమ్యాప్ యూజర్ అనే వేరియబుల్ తెల్వది" అంటుంది. అదే ఫైల్ మా దోస్తు కంప్యూటర్ల మంచిగ నడుస్తుంది. ఏం జేయాలె?*
— కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు

మీ ఫైల్లో తప్పేం లేదు. మీరు కట్టిన మట్‌లోనే ఐమ్యాప్ లేదు. సర్వర్లో ఉన్న మెయిల్‌ని అక్కడే ఉంచి చదివించే పద్ధతి ఐమ్యాప్. జీమెయిల్‌ని అలా చదవాలంటే అదే కావాలి. మట్ సోర్స్‌లో ఆ కోడ్ ఉంది. కానీ కట్టడానికి ముందు ఏమేం కావాలో చెప్పే కన్ఫిగర్ దగ్గర మీరు అడగందే దాన్ని లోపలికి రానివ్వరు. ఐమ్యాప్, పాప్ (మెయిల్ దింపుకునే పద్ధతి), ఎస్ఎంటీపీ (మెయిల్ పంపే పద్ధతి), తలకట్ల (పంపినవారు, సబ్జెక్టు, తేదీ ఉండే భాగాల) నిల్వ, అన్నీ అలాగే. పెళ్లివంటకి వంటవాడికి జాబితా ముందే ఇవ్వాలి, బంతిలో కూర్చున్నాక పూర్ణాలేవీ అంటే ఏం లాభం? అడగలేదు కాబట్టి పెట్టలేదు, పెట్టలేదు కాబట్టి ఎర్రర్ కూడా లేదు. ఆ వేరియబుల్ పేరే ఆ ప్రోగ్రాంకి తెలియదు, ఆ మాటే మీకు చెప్పింది.

ముందు మట్ తర్వాత ఒక గీత, వీ అక్షరం పెట్టి కొట్టండి. వెర్షన్ కింద పొడుగాటి జాబితా వస్తుంది. ప్రతి పేరు ముందు ప్లస్సో మైనస్సో ఉంటుంది. ప్లస్ యూజ్ ఐమ్యాప్ అంటే ఉన్నట్టు, మైనస్ అంటే లేనట్టు. మీ దోస్తు కంప్యూటర్లోనూ ఇదే కొట్టి, రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా అంతా కళ్లముందే కనిపిస్తుంది. కంపైల్ చేయాలా వద్దా అన్న ప్రశ్నకి జవాబు కూడా ఈ జాబితాలోనే ఉంది. ప్యాకేజీ మట్‌లో మీకు కావలసినవన్నీ ప్లస్‌లో ఉంటే సోర్స్ ఎందుకు?

కట్టాలనే అనుకుంటే ఇదీ వరస. మొదట కావలసిన లైబ్రరీలు, అంటే మట్ వాడుకునే తయారు కోడ్ ముక్కలు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. సర్వర్‌తో మాటల్ని గుప్తంగా ఉంచే ఓపెన్ ఎస్ఎస్ఎల్ ఇప్పటికే ఉందిగా అంటారు. ఉన్నది నడపడానికి పనికొచ్చే భాగం, కట్టడానికి దాని హెడర్ ఫైళ్లు కావాలి. డెబియన్ వైపు ఆ ప్యాకేజీల పేరు చివర డెవ్ అనీ, ఫెడోరా అనే లైనక్స్ వైపు డెవెల్ అనీ ఉంటుంది. ఎన్‌కర్సెస్, ఎస్ఎస్ఎల్, సాస్‌ల్, జీడీబీఎం, ఐడీఎన్2, ఇన్నింటివీ తెచ్చుకోవాలి. ఒక్కొక్కటీ వెతుక్కునే ఓపిక లేకపోతే ఆప్ట్ బిల్డ్-డెప్ మట్ అనండి, డెబియన్ వాళ్లు తమ ప్యాకేజీ కట్టడానికి వాడినవన్నీ దిగుతాయి. డెబ్-సోర్స్ లైన్లు లేవని అది సణిగితే, ఆప్ట్ సోర్సుల ఫైల్లో వాటిని చేర్చి, ఆప్ట్ అప్‌డేట్ చేసి మళ్లీ కొట్టండి.

తర్వాత కన్ఫిగర్. దానికి ఎనేబుల్-ఐమ్యాప్, ఎనేబుల్-ఎస్ఎంటీపీ, ఎనేబుల్-హెచ్‌క్యాష్, విత్-ఎస్ఎస్ఎల్, విత్-సాస్‌ల్, విత్-జీడీబీఎం అని, ఒక్కోదాని ముందు రెండేసి గీతలు పెట్టి ఇవ్వండి. సైడ్‌బార్ ఇష్టమైతే ఎనేబుల్-సైడ్‌బార్ కూడా. ఈ హెచ్‌క్యాష్‌ని అశ్రద్ధ చేయకండి. మెయిళ్ల తలకట్లను డిస్కు మీద దాచేది అదే. అది లేకపోతే పెద్ద ఇన్‌బాక్స్ తెరిచిన ప్రతిసారీ వేల తలకట్లు సర్వర్ నుంచి మళ్లీ దిగుతాయి. మట్ నెమ్మది అని తిట్టుకునేవాళ్లలో చాలామందికి అసలు జబ్బు ఇదే. ఎస్ఎస్ఎల్ మరిచిపోతే మాత్రం దాగదు, సర్వర్‌కి తగులుకోగానే "ఎస్ఎస్ఎల్ అందుబాటులో లేదు" అని మొహం మీదే చెబుతుంది.

పాత ముక్కలు మిగలకుండా మేక్ క్లీన్ చేసి, అప్పుడు మేక్, ఆపైన మేక్ ఇన్‌స్టాల్. రాసేవాళ్లు కోడ్ దాచుకునే గిట్ నుంచి నేరుగా తెచ్చుకున్న సోర్స్‌లో కన్ఫిగర్ స్క్రిప్టు ఉండదు, ప్రిపేర్ అనే స్క్రిప్టుతో ముందు దాన్ని పుట్టించాలి. విడుదలైన టార్ ఫైల్లో అయితే సిద్ధంగానే ఉంటుంది, ఆ తలనొప్పి లేదు. మీరు గిట్ దాకా ఎందుకు పోవడం, టార్ ఫైలే తెచ్చుకోండి. ఇంకో మాట, నియోమట్ కన్ఫిగర్ వేరే బాపతు. పైన చెప్పిన వరస తీసుకెళ్లి అక్కడ పెట్టకండి.

రూట్ (సర్వాధికారి) ఖాతాతో కాకుండా సొంత డైరెక్టరీలోకి ఇన్‌స్టాల్ చేస్తే మట్ డాట్‌లాక్ అనుమతులు సరిచేయలేకపోయానని చివర్లో ఒక గొణుగుడు వస్తుంది. అది అదే కంప్యూటర్లోకి వచ్చిపడే మెయిల్ పెట్టెకి తాళం వేసే చిన్న ప్రోగ్రాం. మీరు చదివేది ఐమ్యాప్‌లో కాబట్టి దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

అన్నీ చేశాక కూడా పాత ఎర్రరే వస్తే, మీరు నడుపుతున్నది పాత మట్టేనేమో చూడండి. ప్యాకేజీది యూజర్ బిన్‌లో ఉంటుంది, మీరు కట్టింది యూజర్ లోకల్ బిన్‌లో. టైప్ గీత ఏ మట్ అని కొడితే ఎన్ని ఉన్నాయో, ముందు ఏది పలుకుతోందో తెలుస్తుంది. షెల్ పాతదారినే గుర్తుపెట్టుకుని ఉంటే హ్యాష్ గీత ఆర్ అనండి, లేదా టెర్మినల్ మూసి తెరవండి.

*మట్ పెట్టుకున్నానండీ, బ్రౌజర్లో రోజూ పనిచేసే జీమెయిల్ పాస్‌వర్డే ఇచ్చాను. లాగిన్ విఫలమైంది అంటోంది. ఎన్నిసార్లు కొట్టినా అంతే. మా ఆఫీసు కంప్యూటర్లో అయితే ఇంకో రకం, "అథెంటికేటర్లేవీ అందుబాటులో లేవు" అని వస్తోంది.*
— ఓ పాఠకురాలు, బెంగళూరు

రెండూ వేరు వేరు జబ్బులమ్మా. మొదటిదానికి కారణం గూగుల్ నియమం. మామూలు పాస్‌వర్డుతో బయటి ప్రోగ్రాములు లాగిన్ కావడాన్ని వ్యక్తిగత ఖాతాలకి 2022 మే 30 నుంచి ఆపేశారు. ఖాతాలో రెండంచెల ధ్రువీకరణ పెట్టుకుంటే యాప్ పాస్‌వర్డ్ అని 16 అక్షరాలది ఒకటి ఇస్తారు, మట్‌కి దాన్నివ్వండి. పాస్‌వర్డు బదులు గూగుల్ ఇచ్చే టోకెన్‌తో లాగిన్ అయ్యే ఓఆత్ పద్ధతి కూడా ఉంది. దానికి కావలసిన పైథాన్ స్క్రిప్టు మట్ సోర్స్‌తోపాటే కాంట్రిబ్ డైరెక్టరీలో వస్తుంది. కానీ సొంత ఖాతా ఒక్కదానికి అంత తతంగం అవసరమా అని నా అనుమానం.

ఆ 16 అక్షరాల్ని సెట్టింగుల ఫైల్లో పచ్చిగా రాయకండి. జీపీజీతో గుప్తీకరించిన చిన్న ఫైల్లో పెట్టి, మట్ సెట్టింగుల్లో సోర్స్ అన్న లైన్లో ఆ ఫైలు విప్పే జీపీజీ కమాండ్ రాసి, చివర నిలువు గీత పెడితే చాలు. మట్ దాన్ని నడిపి, వచ్చినదాన్ని చదువుకుంటుంది. సెట్టింగుల ఫైళ్లను గిట్‌లో పెట్టి లోకానికి పంచుకునే అలవాటున్న పిల్లలు ఈ పేరా రెండుసార్లు చదవండి.

ఆఫీసు కంప్యూటర్‌ది సాస్‌ల్ గొడవ. లాగిన్ మాటలు మోసుకెళ్లే లైబ్రరీ ఉంది గానీ, ప్లెయిన్ అనే పద్ధతి దానికి విడి ముక్కగా వస్తుంది, అది మీ మెషీన్లో లేదు. డెబియన్ వైపు లిబ్‌సాస్‌ల్2-మాడ్యూల్స్, ఫెడోరా వైపు సైరస్-సాస్‌ల్-ప్లెయిన్ ఇన్‌స్టాల్ చేయించండి. మట్‌ను మళ్లీ కట్టే పని లేదు.

మీరు అడగకపోయినా ఒకటి చెబుతాను. జీమెయిల్ తెర భాషని తెలుగులోకి మార్చుకున్నవాళ్లకి, ఐమ్యాప్‌లో చెత్తబుట్ట, పంపినవి వంటి ఫోల్డర్ల పేర్లు కూడా ఆ భాషలోకే మారతాయి. బ్రిటిష్ ఇంగ్లిషు పెట్టుకున్నవాళ్లకి ట్రాష్ కాస్తా బిన్ అవుతుంది. వ్యాసంలో చూసిన పేరు ఎక్కించి ఫోల్డర్ లేదంటోంది అని కంగారు పడొద్దు. మట్‌లో సీ నొక్కి, తర్వాత ప్రశ్నార్థకం నొక్కితే మీ ఖాతాలో ఉన్న అసలు పేర్లు వరసగా వస్తాయి. అవే వాడండి. పంపిన మెయిల్‌కి నకలు జీమెయిల్ తనే దాచుకుంటుంది కాబట్టి రికార్డ్ అన్న సెట్టింగుని ఖాళీగా వదిలేయండి, లేకపోతే ప్రతిదీ రెండేసి కనిపిస్తుంది.

*మా నాన్నగారు మెయిళ్లు తెలుగులోనే రాస్తారు. మట్‌లో చూస్తే సబ్జెక్టు నిండా ప్రశ్నార్థకాలు. ఎలాగో అది సరిచేసుకున్నాక అక్షరాలు వచ్చాయి గానీ ఒత్తులు విడిపోయి, గీతలు పక్కకి జరిగి, చదవబుద్ధి కావట్లేదు. తెలుగుకి తగ్గట్టు కంపైల్ చేసుకునే ఆప్షన్ ఏదైనా ఉందా?*
— హైదరాబాద్ నుంచి ఓ పాఠకురాలు

లేదమ్మా. ఉంటే అందరికన్నా ముందు నేనే వాడేవాణ్ణి. అయినా ఇది వివరంగా చెప్పుకోవలసిన సంగతి.

ప్రశ్నార్థకాలు లొకేల్ వల్ల వచ్చాయి. ఏ భాష, ఏ అక్షరాల సంకేతం వాడాలో సిస్టంకి చెప్పే సెట్టింగు అది. లొకేల్ అన్న కమాండ్ కొడితే వచ్చే లైన్లలో యూటీఎఫ్-8 అని ఉండాలి. సీ అనో పోసిక్స్ అనో ఉంటే మట్‌కి తెలుగు చూపించే దారి ఉండదు. దూరపు సర్వర్లోకి ఎస్ఎస్‌హెచ్‌తో వెళ్లి మట్ నడిపేవాళ్లకి ఇది తరచూ తగులుతుంది. మట్ సెట్టింగుల్లో క్యారెక్టర్ సెట్‌ని బలవంతంగా యూటీఎఫ్-8 అని రాయమని కొందరు సలహా ఇస్తారు. వద్దు. ఆ సంగతి మట్ లొకేల్ నుంచి తనే తెలుసుకుంటుంది, మీరు పైనుంచి రుద్దితే అసలు రోగం లోపలే ఉండిపోతుంది.

ఒత్తులు విడిపోవడం టెర్మినల్ తప్పు. టెర్మినల్ అంటే గళ్ల కాగితం. ప్రతి గడిలో ఒక అక్షరం, అన్ని గళ్లూ ఒకే వెడల్పు. "స్త్రీ" తీసుకోండి. మనకి అది ఒక్క అక్షరం. యూనికోడ్‌లో అది స, పొల్లు, త, పొల్లు, ర, ఆ పైన దీర్ఘం, మొత్తం ఆరు సంకేతాలు. పొల్లుకీ దీర్ఘానికీ గడి ఇవ్వరు. స, త, ర మూడింటికీ తలో గడి ఇస్తారు. అంటే మట్ లెక్కలో స్త్రీకి మూడు గళ్లు. బొమ్మ గీసే టెర్మినల్‌కి మన లిపి తెలిస్తే ఒక్కచోట పేర్చి గీస్తుంది, పక్కన రెండు గళ్లు ఖాళీగా మిగులుతాయి. తెలియకపోతే మూడూ విడివిడిగా, పొల్లులు వేలాడుతూ వస్తాయి. ఎలా గీసినా లైను పొడవు మట్ అనుకున్నట్టు ఉండదు. అందుకే మీ జాబితాలో గీతలు జరిగిపోయాయి. మట్‌ని ఎన్నిసార్లు కంపైల్ చేసినా ఈ లెక్క మారదు.

టెర్మినల్ మారిస్తే మాత్రం కొంత మేలు. ఎక్స్‌టర్మ్‌కి మన ఒత్తుల సంగతి తెలియదు. కేడీఈ వాళ్ల కాన్సోల్‌లో ఒత్తులు చాలావరకు కలుస్తాయి. ఎంఎల్‌టర్మ్ అనేది పలుభాషల లిపుల కోసమే పుట్టింది, భారతీయ లిపులూ అందులో ఉన్నాయి. నాన్నగారి ఉత్తరం తృప్తిగా చదవాలంటే మట్‌లో వీ నొక్కి, ఉత్తరం ఉన్న భాగం ఎంచుకుని, ఎస్ నొక్కి ఫైలుగా దాచి, మామూలు ఎడిటర్లో తెరవండి. జవాబు రాయడానికి ఎడిటర్ అన్న సెట్టింగులో కేట్ గీత బీ అని గానీ జీఎడిట్ గీత డబ్ల్యూ అని గానీ పెడితే రాసేటప్పుడు మాత్రం గ్రాఫిక్ కిటికీ తెరుచుకుంటుంది, అక్షరాలు ముత్యాల్లా వస్తాయి. ఆ చివరి అక్షరం మరిచిపోకండి. మీరు కిటికీ మూసేదాకా మట్ ఆగేది దానివల్లే.

ఇంత చెప్పినా, మీకొచ్చే మెయిళ్లలో ఎక్కువ తెలుగువే అయితే మట్ వాడమని నేననను. ఆఫీసు మెయిల్ మట్‌లో, నాన్నగారి ఉత్తరాలు థండర్‌బర్డ్ అనే గ్రాఫిక్ మెయిల్ ప్రోగ్రాంలో పెట్టుకోండి.

*బ్యాంకు నుంచి వచ్చే మెయిళ్లు తెరిస్తే కోణపు బ్రాకెట్లూ, రంగుల సంకేతాలూ తప్ప మాట ఒక్కటీ కనపడదు.*
— రిటైర్డ్ ఉపాధ్యాయుడు, రాజమండ్రి

అది వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్ మాస్టారూ, మట్‌కి దాన్ని విప్పడం రాదు. డబ్ల్యూ3ఎం అనే టెక్స్ట్ బ్రౌజర్ ఇన్‌స్టాల్ చేసి, ఇంటి డైరెక్టరీలోని డాట్ మెయిల్‌క్యాప్ ఫైల్లో టెక్స్ట్ హెచ్‌టీఎంఎల్ రకానికి డబ్ల్యూ3ఎం, గీత పెద్దబడి టీ, టెక్స్ట్ స్లాష్ హెచ్‌టీఎంఎల్, గీత డంప్ అని రాసి, చివర కోపియస్‌అవుట్‌పుట్ అన్న మాట చేర్చండి. మట్ సెట్టింగుల్లో ఆటో వ్యూ లైను పెట్టండి. మాటలు మాటల్లా వస్తాయి, బొమ్మలు రావు. మెయిల్ ఎప్పుడు తెరిచారో పంపినవాళ్లకి చాటుగా చేరవేసే కనపడని బొమ్మలూ రావు. ఆ లాభం లెక్కలో వేసుకోండి.

*ఫోన్లో వేలితో నెడితే మెయిల్ వస్తుంది. ఈ కాలంలో కూడా నల్లతెర మీద కూర్చునేవాళ్లకి చాదస్తం తప్ప కారణమేమైనా ఉందా?*
— అనంతపురం నుంచి ఓ పాఠకుడు

చాదస్తం ఉంది, ఒప్పుకుంటాను. కారణం కూడా ఉంది. లైనక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నల్‌లో మార్పు చేయాలంటే దాన్ని మెయిల్ శరీరంలోనే, ఉన్నది ఉన్నట్టు సాదా అక్షరాల్లో పంపాలి. ఒక్క ట్యాబు స్పేసులుగా మారినా, ఒక్క లైను మధ్యలో విరిగినా అవతలివాళ్ల దగ్గర ఆ ప్యాచ్ అతకదు. ఏ మెయిల్ ప్రోగ్రాం పనికొస్తుందో చెప్పడానికి కెర్నల్ పత్రాల్లో ఒక పేజీయే ఉంది. మట్‌కీ ఆల్పైన్‌కీ అందులో చోటుంది. బ్రౌజర్లోని జీమెయిల్ ట్యాబుల్ని స్పేసులు చేస్తుంది, లైన్లు విరుస్తుంది, ప్యాచులకి పనికిరాదని అందులోనే రాశారు. ఫోన్లో వేలితో నెట్టేవాళ్లకి ఇది అక్కర్లేదు, మీరు హాయిగా నెట్టుకోండి.

*మాస్టారూ, ఉత్సాహం కొద్దీ సోర్స్ నుంచి కట్టేశాను. ఇప్పుడు తీసేసి ప్యాకేజీదే పెట్టుకుందామంటే ఆప్ట్ రిమూవ్‌కి అది దొరకట్లేదు. ఎలా వదిలించుకోను?*
— న్యూజెర్సీ నుంచి ఓ పాఠకుడు

మీరు కట్టింది ఆప్ట్ లెక్కలో లేదు, కాబట్టి దానికి దొరకదు. సోర్స్ డైరెక్టరీ ఇంకా ఉంటే అక్కడికి వెళ్లి సుడో మేక్ అన్‌ఇన్‌స్టాల్ అనండి. డైరెక్టరీ చెరిపేసి ఉంటే అదే వెర్షన్ మళ్లీ తెచ్చి, అవే ఆప్షన్లతో కన్ఫిగర్ చేసి, ఇన్‌స్టాల్ బదులు అన్‌ఇన్‌స్టాల్ చేయండి. ఈసారి కట్టేటప్పుడు కన్ఫిగర్‌కి ప్రిఫిక్స్ ఇచ్చి, ఇంటి డైరెక్టరీలో మట్‌కంటూ విడిగా ఒక గూడు కేటాయించండి. వద్దనుకున్న రోజు ఆ డైరెక్టరీ ఒక్కటి చెరిపేస్తే చాలు, సుడో కూడా అక్కర్లేదు. మట్ సెట్టింగులుండే డాట్ మట్ఆర్‌సీ ఫైలు మాత్రం చెరపకండి, ప్యాకేజీ మట్ కూడా దాన్నే చదువుకుంటుంది.